విప్పని ముడి

అసిరమ్మ కుంకుడుపొడి పట్నంలో వెయ్యి ఇళ్లకు పోతోందని, ఇక ఆవిడ కాలు నేల మీద ఆనదని ఎదురింటి సూరమ్మ కుళాయి దగ్గర అందట.

మనుషులు చెప్పకుండానే సరుకులు ఇళ్లే తెప్పించుకునే రోజులొచ్చాయి. పెద్ద కంపెనీల షాంపూలను కాదని ఇళ్లన్నీ తన పొడినే ఏరుకుంటుంటే అసిరమ్మ నిజంగానే పొంగిపోయింది. గుడ్డసంచిలో నింపి, అమ్మ నేర్పిన ముడి వేసి పంపేది. ఖాళీ సంచి వెనక్కి పంపితే ఉతికి మళ్లీ నింపుతానని ఈ ఏడే కొత్తగా సంచి మీద రాయించింది.

మొదటి విడత సంచులు వచ్చాయి. బరువుగా ఉన్నాయి. ఒక్కొక్కటే ఒళ్లో పెట్టుకుని చూసింది. అన్నిటికీ తను వేసిన ముడే ఉంది.

ఒక ఇంటికి ఫోన్ చేసింది. ఎప్పుడు చేసినా ఇల్లే పలికేది. ఈసారి ఎవరో అమ్మాయి ఎత్తింది. మనిషి గొంతు వినేసరికి అసిరమ్మకు మాట తడబడింది.

"పొడి బాగోనేదేటమ్మా? సంచి ఇప్పకుండానే పంపీసినారు."

"ఏ పొడండీ?"

"నెలనెలా వస్తాది గదమ్మా, కుంకుడుపొడి."

"ఓ, అదా! ప్లాస్టిక్ లేని సరుకు కొంటే ఇంటికి పచ్చ మార్కులు వేస్తారు కదా, వాటి కోసం ఇల్లే తెప్పిస్తుంది. సంచి వచ్చినా మార్కే, వెళ్లినా మార్కే."

"ఒక్కపాలి తలంటుకుని సూడు తల్లీ."

"మీ పొడి అమ్ముడుపోతోంది కదండీ. ఇంకేం కావాలి మీకు?"