పరదాల లోపలి గాలి

పాల్మాకుల ఊరు దాటాక ఉన్న కోళ్ల షెడ్డులో, చలికి పరదాలన్నీ దించుకుని ఆశేర్ ఒక్కడే ఉన్నాడు. కరెంటు పోయి రెండు గంటలైంది. జనరేటర్‌లో డీజిల్ అయిపోయి ఫ్యాన్లు ఆగాయి. నాలుగువేల కోడిపిల్లలకు వెచ్చదనమిచ్చే గ్యాస్ పొయ్యిలు మాత్రం ఉన్న కాస్త గాలినీ తాగుతూ మండుతున్నాయి.

కోడిపిల్లలు ఎప్పుడూ రేకుల మీద వాన పడినట్టు, దేనికది అరుస్తాయి. ఇప్పుడు అన్నీ ఒక్కసారే అరుస్తున్నాయి, ఒక్కసారే ఆపుతున్నాయి. ఆ ఆగడం ప్రతిసారీ కొంచెం పెరుగుతోంది.

షాద్‌నగర్‌లో ఉన్న అక్క లీలమ్మకు ఫోన్ చేశాడు. ఈ షెడ్డును పదేళ్లు చూసుకున్న మనిషి ఆమె.

"అక్కా, పిల్లలన్నీ కలిసి అరుస్తున్నయి. గిట్ల ఎన్నడన్న చూసినవా?"

లీలమ్మ ఫోన్‌లో ఆ అరుపును విన్నది. "తలకాయ నొస్తుందారా?"

"జర నొస్తుంది. నిద్ర లేక."

"నిద్ర లేక కాదు, పొయ్యిలకు లోపల గాలి చెడ్డది. ముందుగాల పరదాలు లేపు."

"పిల్లలకు చలైతది గదక్కా."

"కానియ్యి." ఆమె గొంతు తగ్గింది. "నువ్వు ఆగి ఆగి మాట్లాడుతున్నవ్ ఆశేర్. నువ్వు ఆగినప్పుడల్లా అవి గూడ ఆగుతున్నయి."

ఆశేర్ పరదా తాడు మీద చెయ్యి వేశాడు. లేపుతున్నానని చెప్పడానికి నోరు తెరిచాడు.

షెడ్డులో అరుపు ఆగింది.

షాద్‌నగర్‌లో లీలమ్మ ఫోన్‌ను చెవికి అదిమి పట్టుకుంది. తమ్ముడి గొంతో, పిల్లల అరుపో, ఏదో ఒకటి మళ్లీ వినపడుతుందేమోనని ఎదురుచూస్తూనే ఉంది.