మగ్గేసిన మైనం

చల్లార్చడానికి పెట్టిన నీళ్ల పళ్లెంలోంచి తీస్తుండగానే ఆరో కొవ్వొత్తీ టప్పుమని పగిలింది.

వీరదుర్గ నెత్తిన చేతులు పెట్టుకుంది.

శుక్రవారం కాకినాడ వెళ్లి కొత్త హోటల్ వాళ్లకు శాంపిల్ చూపించాలి. నచ్చితే నెలనెలా వెయ్యి కొవ్వొత్తులు, వీధిలో నలుగురు ఆడవాళ్లకు ఇంటిపట్టున పని. నచ్చకపోతే, "పామాయిల్ మైనంతో కొవ్వొత్తులేంటి, చోద్యం కాకపోతే!" అన్న రావులపాలెం నోళ్లన్నీ మళ్లీ తెరుచుకుంటాయి. ఆ మాట పడటం కంటే గోదాట్లో దూకడం నయం అనుకునే రకం వీరదుర్గ.

"కొవ్వొత్తులు చేసేది ఇక్కడేనాండి?"

గుమ్మంలో ఎవరో పెద్దాయన. నలిగిన చొక్కా, చేతిలో గుడ్డసంచి.

"ఇక్కడేనండి. కొనడానికొచ్చారా?"

"చూడ్డానికొచ్చానండి."

పిలవకుండానే లోపలికొచ్చి, పగిలినదొకటి తీసి వెలుతురుకెత్తి చూశాడు.

"సరుకు బంగారమమ్మా. పద్ధతే తప్పు."

వీరదుర్గకు చర్రుమంది. ఆర్నెల్లపాటు వీడియోలు చూసి, చేతులు కాల్చుకుని నేర్చిన విద్య మరి!

"అయితే తమరు చెబుతారా పద్ధతి?"

"ఆ నీళ్ల పళ్లెం తీసెయ్యండి. మామూలు మైనానికైతే సరే గానీ దీనికి పనికిరాదు. బాగా వేడిమీద పొయ్యండి. అచ్చుల్ని కూడా వెచ్చబెట్టండి. పోశాక గంపలో పెట్టి, అరటిగెల మగ్గేసినట్టు ఎండుగడ్డి కప్పెయ్యండి. మర్నాటిదాకా ముట్టుకోకండి."

"గెలలు మగ్గెయ్యడం రావులపాలెం వాళ్లకే నేర్పుతున్నారే! ఇంక దయచెయ్యండి బాబూ, నాకు బోలెడు పనుంది."

ఆయన నొచ్చుకోలేదు. కొవ్వొత్తిని తీసినచోటే పెట్టాడు.

"చేతిలో పనితనముందమ్మా. తొందరే కాస్త ఎక్కువ," అని వెళ్లిపోయాడు.

"ఇంటికొచ్చినాయనకి మంచినీళ్లయినా ఇవ్వకుండా పంపేశావేంటే?" వంటింట్లోంచి అత్తగారు సంపూర్ణమ్మ అడిగింది.

"ఉచిత సలహా ఇచ్చినవాళ్లందరికీ మర్యాదలు చేస్తూ కూచుంటే నా పని తెల్లారినట్టే అత్తయ్యా!"

గురువారం మధ్యాహ్నానికి మరో నాలుగు పగిలాయి. ఇక మిగిలింది ఒక్క వాయికి సరిపడా మైనం.

"పోనీ, ఆయన చెప్పినట్టు చేసి చూడరాదా? ఎలాగూ పగలగొడుతూనే ఉన్నావుగా!" అంది సంపూర్ణమ్మ.

వీరదుర్గ మూతి ముడుచుకుంటూనే వెళ్లి గడ్డి తెచ్చింది.

శుక్రవారం పొద్దున్నే గడ్డి తీసి, అచ్చు విప్పింది.

"అత్తయ్యా!"

ఆ కేకకు సంపూర్ణమ్మ అట్లకాడతో సహా పరిగెత్తుకొచ్చింది.

కొవ్వొత్తి ఒంటినిండా ఈకల్లాంటి తెల్లటి గీతలు విచ్చుకున్నాయి, ఎవరో పనిగట్టుకుని కూర్చుని చెక్కినట్టు. బీటన్నది లేదు.

"ఓరి నాయనో! మా కోడలు చేసింది, చూడండే!" అంటూ సంపూర్ణమ్మ దాన్ని వీధంతా తిప్పింది. వెక్కిరించిన వాళ్లింటి ముందు ఇంకాస్త సేపు నిలబడింది.

కాకినాడలో హోటల్ మేనేజర్ యుగంధర్ ఆ కొవ్వొత్తిని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఆర్డర్ మీదేనండి."

వీరదుర్గకు ఏనుగెక్కినంత సంబరమైంది. అంత గర్వంలోనూ నిజం దాచుకోబుద్ధి కాలేదు.

"ఇది నా ఒక్కదాని గొప్ప కాదండి. మొన్నొక పెద్దాయన ఇంటికొచ్చి కిటుకు చెప్పారు. నేనేమో నానా మాటలూ అని పంపేశాను. పేరైనా అడగలేదు."

"లోకనాథ్ గారండి. మీ గుమ్మం దిగగానే నాకు ఫోన్ చేశారు. శుక్రవారందాకా ఎవరికీ ఆర్డర్ ఇవ్వొద్దు, ఆవిడ కొవ్వొత్తి చూశాకే తేల్చండి అన్నారు."

"అయితే ఆయన మీ హోటల్ మనిషాండి?"

"కాదండి. ఇరవై ఏళ్లుగా ఈ ఊళ్లో కొవ్వొత్తులు చేస్తున్నాయన. మీరు రాకపోయుంటే ఈ ఆర్డర్ ఆయనదే."