ములాఖత్ లేని తల్లి

బస్సు సగం ఖాళీగానే ఉంది. అయినా ఆ పెద్దావిడ నేరుగా వచ్చి హేమ్లి పక్కనే నిలబడింది.

"కాస్త జరుగమ్మాయ్."

"గన్ని సీట్లున్నయ్ గదా! గీడనే కూసోవాల్నా?" విసుక్కుంది హేమ్లి.

"ఒక్కదాన్నే అంత దూరం కూచోలేనమ్మా."

హేమ్లి జరిగింది. బస్సు ఖమ్మం దాటింది.

"జైలుకేనా?" మెల్లగా అడిగింది ఆవిడ.

హేమ్లి ఉలిక్కిపడింది. "నీకెట్ల తెల్సు?"

"నేనూ అక్కడికే."

ఆ ఒక్క మాటతో హేమ్లి మెత్తబడింది.

హేమ్లిది మణుగూరు అవతల అడవి అంచున తండా. భర్త భద్రు జీపు తోలేవాడు. పైసలకు ఆశపడి, స్నేహితుడితో కలిసి సత్తుపల్లి రైతు కొడుకును ఎత్తుకుపోయాడు. ఉదయ్ భాస్కర్ అని, ఇంటర్ చదివే పిల్లవాడు. దొరికిపోతామన్న భయంతో ఇద్దరూ అతన్ని అడవిలోనే చంపేశారు. స్నేహితుడు పారిపోతూ గోదావరిలో కొట్టుకుపోయాడు. కోర్టులో హేమ్లి తలెత్తి ఎవరి మొహమూ చూడలేకపోయింది. భద్రుకు ఉరిశిక్ష పడింది. పై కోర్టులూ అదే ఖాయం చేశాయి. ఇక రాష్ట్రపతి క్షమాభిక్ష ఒక్కటే మిగిలింది.

"లోపల నీకెవరున్నరు పెద్దమ్మా?"

"నా కొడుకు కోసమే వస్తున్నా" అందావిడ కిటికీలోంచి చూస్తూ.

హేమ్లి ములాఖత్ ముగించుకుని వచ్చేసరికి ఆవిడ గేటు బయట అరుగు మీదే కూర్చుని ఉంది.

"నువ్వు లోపలికి పోలే?"

"నాకు ములాఖత్ లేదమ్మా."

కొడుకు తల్లి మొహం చూడనంటున్నాడేమో అనుకుంది హేమ్లి. మళ్ళీ అడగలేదు.

ఆ తర్వాత ప్రతి ములాఖత్ రోజునా ఆవిడ ఖమ్మం బస్టాండులో ఎదురుచూస్తూ ఉండేది. పేరు బుల్లెమ్మ. ఎర్రుపాలెంలో అన్నగారింట్లో ఉంటున్నానంది. పులిహోర పొట్లం తెచ్చి సగం హేమ్లి చేతిలో పెట్టేది.

తన కొడుకు సంగతి ఎత్తేది కాదు. భద్రు గురించే అడిగేది.

"తింటున్నాడా? నిద్ర పడుతోందా?"

"యాడ పడ్తది పెద్దమ్మా! బూట్ల చప్పుడైతే చాలు, లేచి కూసుంటడంట. నా కోసమే వస్తున్నరని."

ఒకరోజు హేమ్లి ఉండబట్టలేక అనేసింది.

"చేసింది పాపమే. కాదంటలేను. కని ఆ పిలగాని తల్లి ఎసుంటిదో! నా పెనిమిటిని ఉరేస్తె ఆమె కొడుకు లేచొస్తడా? ఆమెది గుండె గాదు, బండ."

బుల్లెమ్మ దగ్గరకు జరిగింది. హేమ్లి వీపు మీద చెయ్యి వేసి, చాలాసేపు అలాగే ఉంచింది.

వానలు మొదలైన రోజుల్లో, జైలు గేటు ముందు ఆవిడ హేమ్లి చెయ్యి పట్టుకుంది.

"నాకో పని చేసిపెడతావా? చనిపోయిన ఆ అబ్బాయి చివరికి ఏమన్నాడో మీ ఆయన్ని అడుగు."

"గదేం అడుగుడు పెద్దమ్మా!" చెయ్యి లాక్కుంది హేమ్లి. "కాలిన కాడనే మళ్ల కాల్వమంటవా?"

"అడుగమ్మా. నీకు దణ్ణం పెడతా."

ఆవిడ నిజంగానే చేతులు జోడించింది. హేమ్లికి వింతగా తోచింది. అయినా అడిగింది.

భద్రు ఇనుప జాలీకి తల ఆనించి ఏడ్చాడు. కోర్టులో కూడా నోరు విప్పని మనిషి, అప్పుడు చెప్పాడు.

తిరుగు బస్సులో హేమ్లి ఆ మాట బుల్లెమ్మకు చెప్పింది.

"'మా అమ్మకు చెప్పకండి, భయపడుద్ది' అన్నడంట. గంతే. ఇంకేం అన్లేదంట."

బుల్లెమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. కొంచెం తేరుకున్నాక, "ఇంకోసారి చెప్పు" అంది.

హేమ్లి చెప్పింది.

"ఇంకోసారి."

ఖమ్మం వచ్చేదాకా చెప్పించుకుంటూనే ఉంది. దిగేటప్పుడు హేమ్లి తల నిమిరింది.

"ఎప్పుడైనా మా ఇంటికి రా. ఎర్రుపాలెంలో బుల్లెమ్మ అంటే చెబుతారు."

ఆ తర్వాత ఆవిడ మళ్ళీ బస్టాండుకు రాలేదు.

హేమ్లి బస్సు కదిలేదాకా తలుపు వైపే చూసేది. పక్క సీటు మీద తన సంచి పెట్టి, ఎవరొచ్చినా "మనిషొస్తది" అనేది. ఆకలైనప్పుడు ఆ పులిహోర వాసన గుర్తొచ్చి కడుపుకంటే ముందు కళ్ళు నిండేవి.

చలికాలంలో వకీలు ఫోన్ చేశాడు. ఉరి రద్దయింది. యావజ్జీవం చేశారు.

హేమ్లి వాకిట్లో కూలబడి ఏడ్చింది. ఆ ఏడుపులోనే, ఈ మాట ముందుగా పెద్దమ్మకు చెప్పాలనిపించింది. మర్నాడే పళ్ళు కొనుక్కుని ఎర్రుపాలెం బస్సెక్కింది.

తలుపు తీసిన అమ్మాయి బుల్లెమ్మ మేనకోడలు నాగలత.

"అత్తయ్య కోసమా? పోయిన నెల చనిపోయిందండీ. గుండె జబ్బు. ఆ ఒంటితో అంత దూరం తిరగొద్దంటే విన్నది కాదు."

హేమ్లి చేతిలో పళ్ళు గడప మీదే పెట్టేసింది. కొంగుతో కళ్ళు తుడుచుకుని అడిగింది.

"ఆమె కొడుకు ఏ జైల్ల ఉన్నడమ్మా? తల్లి పోయిందని ఆయనకు చెప్పినోళ్లున్నరో లేరో. నేను పోయి చెప్పొస్త."

నాగలత అయోమయంగా చూసింది.

"జైలేంటండీ? మా ఉదయ్‌ని సత్తుపల్లి నుంచి ఎత్తుకెళ్ళి అడవిలో చంపేశారు కదా. ఆ చంపినతన్ని ఉరి తీయొద్దని, మా మావయ్యతో పోట్లాడి ఇల్లు వదిలొచ్చేసి, ఢిల్లీ దాకా వెళ్ళి బతిమాలింది మా అత్తయ్య."