నమ్మరాని జవాబు

"ఎప్పుడూ లేదా?" సృజన రెట్టించి అడిగింది.

"లేదు బిడ్డా."

"ఒక్కసారి కూడా ఎవరి మీదా పగ పట్టలేదా?"

"పట్టలే," అన్నాడు పోచయ్య, శామీర్‌పేటలో తన ఇంటి అరుగు మీద కూర్చుని.

సృజనకు చిర్రెత్తుకొచ్చింది. పొద్దున్నుంచి ఇల్లిల్లూ తిరిగి కాళ్లు పీకుతున్నాయి. సైకాలజీ పరిశోధనకు సేకరించిన జవాబులు సాయంత్రంలోగా పంపకపోతే గైడ్ మేడమ్ ఊరుకోదు. అసలీ ప్రశ్న పెట్టిందే అబద్ధాలకోర్లను పట్టడానికి. పగ ఎరుగని మనిషంటూ ఉండడు కాబట్టి, లేదన్నవాడి జవాబులన్నీ కొట్టెయ్యాలి. తన నాన్నను అడిగితే, "ఇద్దరు ముగ్గురి మీద ఉండె" అని నవ్వుతూ ఒప్పుకున్నాడు. నిజాయితీ అంటే అదీ!

"మంచోడివనిపించుకోవాలని చెప్పకు తాతా. నిజం చెప్పు."

"నిజమే చెప్తున్న."

"గిట్ల చెప్తే ఎవరు నమ్ముతరు? నీ జవాబులు తీసేస్తున్న."

పోచయ్య ముఖం చిన్నబోయింది. కోపం మాత్రం రాలేదు.

"ఎవరి బిడ్డవమ్మా?"

"మేడ్చల్‌ల ప్లాట్లమ్మే రవీందర్ రెడ్డి బిడ్డను. ఇప్పుడు కొంపల్లిల ఉంటున్నం."

ముసలాయన ఆమె ముఖంలోకి అలాగే చూస్తూ ఉండిపోయాడు. తర్వాత లోపలికెళ్లి గ్లాసుతో మజ్జిగ తెచ్చాడు.

"మస్తు ఎండగొడ్తాంది. సల్ల తాగి పో. నాయిన మంచిగున్నడా?"

"మా నాయిన ఎరికేనా?"

"ఒక్కపారి సూసిన."

జల్దీలో ఉన్న సృజన రెండు గుక్కలు తాగి స్కూటీ ఎక్కింది. కొంపల్లి చేరకముందే దారిలో ఆగి, పోచయ్య పేరు తీసేసి, మిగిలినవి మేడమ్‌కు పంపేసింది. పని అయిపోయినా మనసు కుదుటపడలేదు. ఆయన తనవైపు అలా ఎందుకు చూశాడు?

ఇంట్లో టీ తాగుతూ నాన్నకు చెప్పింది.

"శామీర్‌పేటల పోచయ్యనట నాయినా. పుట్టినకాంచి ఎవరి మీదా పగ పట్టలేదట! అబద్ధానికైనా హద్దుండాలె."

రవీందర్ రెడ్డి కప్పు కింద పెట్టేశాడు. లేచి గదిలోకి వెళ్లి తలుపేసుకున్నాడు.

"ఏమైందవ్వా?" సృజన కంగారుగా నానమ్మ ఇందిరమ్మను అడిగింది.

"గాయన మాట నమ్మకపోతివా బిడ్డా!" అంది ఇందిరమ్మ. "అప్పుడు నువ్వు పసిపిల్లవు. మీ నాయిన కారు గుద్ది ఒక పిలగాడు సచ్చిపోయిండు. ఊరోళ్లు రాళ్లు పట్టుకొని మీదికొస్తే, పోచయ్యనే అడ్డంబడి మీ నాయిన పానం కాపాడిండు."

"ఆ పిలగాడు ఎవరవ్వా?"

"పోచయ్యకు ఒక్కగానొక్క కొడుకు."