డ్రోన్ మీద వాక్యం

రేపే మా చర్చి కోత పండుగ ఊరేగింపు. పైనుంచి వీడియో తీసిస్తానని అయ్యగారికి మాటిచ్చింది నా మనవరాలు బ్లెస్సీ. తీరా చూస్తే ఆమె డ్రోన్ చర్చి గోడ దాటగానే రిమోట్ సిగ్నల్ అందక వెనక్కి వచ్చేస్తోంది.

రిమోట్ విప్పి బ్యాటరీలు మార్చింది. యాంటెన్నా నిలబెట్టింది, వంచింది. చివరికి సెల్ టవర్‌ను తిట్టింది.

బడిలో ఫిజిక్స్ చెప్పి రిటైరైనదాన్ని, చూస్తూ ఊరుకోలేకపోయాను.

“కొన్ననాడు ఎంత దూరం పోయిందే?”

“గోదారి దాకా పోయింది నాయనమ్మా.”

“ఆ తర్వాత ఏం మార్చినవ్?”

“నేనైతే ఏం మార్చలే.”

డ్రోన్‌ను చేతిలోకి తీసుకున్నాను. సరిగ్గా దాని యాంటెన్నా ఉండే చోట వెండిలా మెరిసే రేకు, దాని మీద బైబిలు వాక్యం. మా ఇంటికి ఏ కొత్త బండి వచ్చినా, ఆఖరికి డ్రోన్ వచ్చినా, ప్రార్థన చేసి నేనే అంటిస్తాను. రేకు సిగ్నల్‌ను ఆపుతుందని ఏటేటా పాఠం చెప్పింది కూడా నేనే.

“నీకు ముందే ఎరుకనా?”

“నువ్వు అంటించిన నాడే ఎరుకైంది. వాక్యం తీస్తే నువ్వు ఊకుంటవా?”

“అన్నీ విప్పినవ్, జర నోరు విప్పరాదే పిల్లా!”

రేకును గోటితో ఒలిచి డ్రోన్ కాలికి అంటించాను. డ్రోన్ గోడ దాటి, రైలు పట్టాలు దాటి, చుక్కంత అయింది.

బ్లెస్సీ మెల్లగా నా పక్కకు జరిగింది.

“నాయనమ్మా, స్కూటీ అద్దం మీది వాక్యం గూడ జర జరుపుదామా? ఎనుక బొగ్గు లారీలు వస్తుంటే కనబడ్తలేవ్.”