అల్లుడలిగిన కొండ

"తప్పు మా నాన్నదే. ఇక దిగు," అంది ఆమె ఆయాసపడుతూ.

సముద్రంలోకి పొడుచుకొచ్చిన ఆ రాతికొండ కొసన ఆమె మొగుడు వారం రోజులుగా అలిగి కూర్చున్నాడు. పడవకి నీలం వేద్దామంటే మామగారు వినిపించుకోకుండా పచ్చరంగు పూయించాడు మరి.

"అలకెప్పుడో తీరిందే. కానీ నిన్న సర్వేవాళ్లొచ్చి ఈ కొండ పేరేంటని జాలర్లనడిగారు. 'అల్లుడలిగిన కొండ' అన్నారట వాళ్లు. మ్యాపులో ఎక్కించేశారు. ఇప్పుడు నేను దిగిపోతే మ్యాపు అబద్ధమైపోదూ?"

తిట్టబోయి ఆగింది. మొగుడి మొహం వెలిగిపోతోంది. ఇన్నేళ్ల ఇల్లరికంలో ఆ వెలుగు ఆమె ఎన్నడూ చూడలేదు.

"అయితే మ్యాపులోనూ నువ్వు మా నాన్నకి అల్లుడివేనా? నీ పేరు లేదా?" అనేసి నాలుక కరుచుకుంది.

అతను చప్పున లేచి దుమ్ము దులుపుకున్నాడు.

"సర్వే ఆఫీసు ముందు కూర్చోడానికి అరుగుందా?"