గడప దాటనివ్వని గేటు

గంగాధర్ ఒక కాలు గడప బయట పెట్టాడో లేదో, గేటు మళ్లీ కుయ్యిమంది.

షాపులో పట్టుచీరల ముందు కూర్చున్న ఆడవాళ్లందరూ తలలు తిప్పి చూశారు. ఐదు వారాలుగా వారం వారం ఇదే తంతు. ఊరు ఊరంతా చెప్పుకోవడానికి ఇంతకన్నా ఏం కావాలి?

“ఏమప్పా, మళ్లీ అరస్తాండాదే,” అన్నాడు షాపు యజమాని కుళ్లాయప్ప తాపీగా.

గంగాధర్‌ది పెనుకొండ, ఉద్యోగం హిందూపురంలో. షాపులకు దొంగతనం పట్టే ఇలాంటి గేట్లు బిగించడం, అవి మొరాయిస్తే వచ్చి బాగుచేయడం అతని పని. ఆ ఉదయమే మేనేజరు తెగేసి చెప్పాడు. ఈరోజు ఈ కంప్లైంటు తీరకపోతే వచ్చేవారం నుంచి ధర్మవరంలోని ఈ షాపుకు ఇంకొకణ్ణి పంపుతాడట. అక్కడే వచ్చింది చిక్కంతా. గేటు బాగుపడితే గంగాధర్‌కు ఇక్కడికి వచ్చే పనే ఉండదు. బాగుపడకపోతే రానివ్వరు. ఎటు తిరిగినా కంప్యూటర్ ముందు కూర్చునే రాధ ఇక కనబడదు. కుళ్లాయప్ప కూతురు రాధ కోసమే తాను పెనుకొండ నుంచి దారి పొడుగునా పాటలు పాడుకుంటూ వస్తున్నానన్న సంగతి తన బండికి తప్ప ఎవరికీ తెలియదని అతని నమ్మకం.

మొట్టమొదటిసారి తప్పు గేటుది కాదు. గేటు గుర్తుపట్టడానికి చీరలకు కట్టిన ట్యాగులు పైకి కనబడితే చీర అందం పోతుందని, చీరలు మడతపెట్టే యల్లక్క వాటన్నిటినీ జరీకొంగు మడతల్లో దాచేసింది. జరీలో ఉన్నది లోహం. అది రేడియో తరంగాలను అడ్డుకుంటే లోపలి ట్యాగుకు పిలుపే వినబడదు. పెళ్లిచీరలు దర్జాగా దాటిపోతున్నా గేటు నోరు మెదపలేదు. గంగాధర్ ట్యాగులన్నిటినీ జరీకి దూరంగా కట్టించి, కుళ్లాయప్పను కూర్చోబెట్టి పాఠం చెప్పాడు. ట్యాగులో బ్యాటరీ ఉండదు. గేటు పంపే తరంగాలే దానికి తిండి. అవి తగలగానే లేచి, తన నంబరు చెప్పి, మళ్లీ పడుకుంటుంది.

“నూరు చీరలు ఒగేసారి నంబర్లు అరిస్తే యాడ అర్థమవుతాది?” అని అడిగాడు కుళ్లాయప్ప.

“చీట్లు ఎత్తిస్తాది సార్. ఒక్కో ట్యాగు ఒక్కో అంకె ఎత్తుకుంటాది. సున్నా వచ్చినది ముందు మాట్లాడతాది. మిగతావి కాచుకోవాల.”

“మా ఇంట్లో కంటే పద్ధతిగా ఉండాదే.”

ట్యాగుకు తెలిసింది నంబరు ఒక్కటేననీ, ఆ నంబరు ఏ చీరదో, బిల్లయిందో లేదో కంప్యూటర్లో మనమే రాసుకోవాలనీ, బిల్లు కానిది గడప దాటితేనే గేటు అరుస్తుందనీ చెప్పాడు. ఆ రాసేది తనకూ నేర్పమని కుళ్లాయప్ప పట్టుబట్టాడు. ఒంటివేలితో ఒక చీర పేరు కొట్టి, పరీక్ష పాసైనంతగా మురిసిపోయాడు.

మరుసటి వారం నుంచే ఈ గోల మొదలైంది. ఎవరికీ అరవని గేటు గంగాధర్ వెళ్లేటప్పుడు అరుస్తుంది. సంచి ఒక్కటే దాటిస్తే అరవదు. హెల్మెట్ ఒక్కటే దాటిస్తే అరవదు. ఏ నంబరుకు అరిచిందని రాధను అడిగితే, తెరను కాస్త అటు తిప్పుకుని, ఏమీ పడలేదండీ అని పెదవి కొరుక్కునేది. ఆ ఆపుకున్న నవ్వు చూస్తే గంగాధర్‌కు తాను గేటు బాగుచేయడానికి వచ్చానన్నది కూడా గుర్తుండేది కాదు.

కుళ్లాయప్ప మాత్రం పోలీసులను మించిపోయాడు. మీ నాయన ఏం చేస్తాడు, చేను ఎంత ఉంది, తాగుతావా, పేకాట ఆడతావా అని వచ్చిన ప్రతిసారీ ఆరా తీసేవాడు. కంప్లైంటులో రాయాలంటూ పుట్టినతేదీ కూడా అడిగి రాసుకున్నాడు. తనను దొంగ కింద లెక్కేశాడని గంగాధర్‌కు చెమటలు పట్టాయి. అయినా పెద్దమనిషి మర్యాద తప్పడు. వెళ్లేవాళ్ల చేతిలో కుంకుమ పొట్లం పెట్టడం ఆ షాపు ఆనవాయితీ. అందరికీ యల్లక్క ఇస్తుంది. గంగాధర్‌కు మాత్రం కుళ్లాయప్పే స్వయంగా చొక్కా జేబులో పెట్టి, భుజం తట్టి పంపుతాడు. అలా ఇంటికి చేరిన పొట్లాలను వాళ్లమ్మ విప్పకుండా దేవుడి గూట్లో దాచింది.

ఈసారి గంగాధర్ చేతిలో పట్టుకుని ట్యాగులను వెతికే చిన్న రీడరు తెచ్చాడు. చీరలకు అందనంత దూరం, వీధి మధ్యదాకా వెళ్లి మీట నొక్కాడు. తెర మీద ఒకే ఒక్క నంబరు పడింది. నేల మీద పెట్టిన సంచి దగ్గరికి తెస్తే రీడరు కూత తగ్గింది. హెల్మెట్ దగ్గరా అంతే. తనవైపు తిప్పుకున్నాడు. అది పూనకం వచ్చినట్టు కూసింది. చొక్కా ఎడమ జేబు.

పొట్లం విప్పాడు. కుంకుమ కింద, కాగితం కన్నా పలచగా ఒక ట్యాగు ఉంది.

ఇన్నాళ్లూ అనుమానం అనుకున్నది ఇదన్నమాట, దొంగతనం అంటగట్టడానికే ఈ ఏర్పాటంతా. ఉద్యోగం పోతే పోయింది, రాధ ముందు దొంగగా నిలబడాలా? ఏడుపు తన్నుకొస్తుంటే లోపలికి వచ్చి పొట్లం బల్ల మీద పెట్టాడు.

“నన్ను దొంగను చేయాలని ఎందుకనిపించింది సార్?”

కుళ్లాయప్ప అప్పటికే మడిచి ఉన్న చీరను తీసి మళ్లీ మడవడం మొదలుపెట్టాడు. “నంబరు కొట్టి చూడప్పా. ఎవరి సొత్తో తెలుస్తాది.”

రాధ నంబరు కొట్టలేదు. తల వంచుకుని, ఇన్ని వారాలూ అటు తిప్పి ఉంచిన తెరను ఇప్పుడు ఇటు తిప్పింది. ఆమె చెవులు ఎర్రబడ్డాయి.

నంబరు పక్కన, ఒంటివేలితో కొట్టిన అక్షరాల్లో, “మా అల్లుడు, అమ్మేది లేదు” అని ఉంది.